ఓటీటీ యాప్‌లో మన అష్టాచెమ్మా: యాడ్ వాటాకి సంతకం పెట్టే ముందు

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుందాం. మధురవాడలో ముగ్గురు కలిసి చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్నారు. గవ్వలేసి ఆడే అష్టాచెమ్మాని మొబైల్ ఆటగా చేశారు. ఒక తెలుగు ఓటీటీ యాప్ వాళ్లు దాన్ని తమ గేమ్స్ విభాగంలో పెడతామని వచ్చారు. ముందస్తు డబ్బు లేదు. ఆటలో వచ్చే యాడ్ ఆదాయంలో 40 శాతం మీకు. రెండేళ్లు ఇంకెక్కడా పెట్టకూడదు. ఒక్కో ఆటలో నాలుగు చోట్ల యాడ్ రావాలి. ఒప్పుకోవచ్చా?

ఈ షరతుల మీద ఒప్పుకోకండి. అలాగని మాటలు తెంచుకోకండి కూడా. వాళ్లకి మీ ఆట అవసరమే. అయితే ఆ అవసరం యాడ్స్ డబ్బు కోసం కాదు. బేరం మొత్తం ఆ తేడా మీదే ఆడాలి.

నేను విశాఖలోనే ఉంటూ చాలా ఏళ్లుగా మొబైల్ గేములకి యాడ్ మానిటైజేషన్ పని, అంటే యాడ్స్‌తో డబ్బు వచ్చేలా చూసే పని చేస్తున్నాను. వీడియో యాప్‌లలో గేమ్ విభాగం పెట్టేటప్పుడు వాళ్ల వైపు కూర్చుని లెక్కలు వేసిన అనుభవం కూడా ఉంది. అందుకే ఆ గదిలో ఏం మాట్లాడుకుంటారో మీకు చెప్పాలనిపిస్తోంది.

సినిమా యాప్‌కి ఆటలతో పనేమిటి? చందాదారుడు ఒక సినిమా కోసమో, ఒక సిరీస్ కోసమో వస్తాడు. అది చూసేస్తాడు. నచ్చిన ఇంకో సినిమా వచ్చేదాకా యాప్ తెరవడు. నెల తిరిగేసరికి చందా ఆపేస్తాడు. దీన్నే వాళ్లు చర్న్ అంటారు. ఓటీటీ వాళ్లకి రాత్రి నిద్ర పట్టనివ్వనిది ఈ అంకె ఒక్కటే. కొత్త సినిమా హక్కులు కొనాలంటే కోట్లు కావాలి. రోజూ పది నిమిషాలు యాప్ తెరిపించే ఆట అందులో చిన్న భాగానికే వస్తుంది. మీ అష్టాచెమ్మాని అడుగుతున్నది అందుకే.

ఈ ఆలోచన కొత్తది కాదు. హాట్‌స్టార్ 2018 ఐపీఎల్ సమయంలోనే మ్యాచ్ చూస్తూ ఆడే ఆటని పెట్టింది. ఎంఎక్స్ ప్లేయర్ 2020లో యాప్ లోపలే చిన్న చిన్న ఆటలు తెచ్చింది. నెట్‌ఫ్లిక్స్ 2021 నవంబర్ 2న ఐదు ఆటలతో మొదలుపెట్టింది. యాడ్స్ ఉండవు, అదనపు రుసుము ఉండదు, ఆట లోపల కొనుగోళ్లు ఉండవు అని అప్పుడే గట్టిగా చెప్పింది. యాడ్ సొమ్మంటే తెలియక అలా చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి, 2022 నవంబర్‌లో, అమెరికాతో సహా కొన్ని దేశాల్లో సినిమాలకి యాడ్స్‌తో చవక ప్లాన్ పెట్టింది కూడా. ఆటల జోలికి మాత్రం యాడ్స్‌ని రానివ్వలేదు. ఆటల్లో కూడా యాడ్స్, కొనుగోళ్లు తెస్తే ఎలా ఉంటుందని లోపల చర్చిస్తున్నారని 2024 జనవరిలో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. అంటే ప్రపంచంలో అందరికన్నా పెద్ద ఓటీటీ యాప్‌కి కూడా ఇది తేలిగ్గా తేలే విషయం కాలేదు. 2022 ఆగస్టులో, యాప్‌ల వాడకం లెక్కగట్టే యాప్టోపియా సంస్థ అంచనా ప్రకారం నెట్‌ఫ్లిక్స్ చందాదారుల్లో రోజూ ఆటలు ఆడేవాళ్లు ఒక శాతం కూడా లేరు. మీ దగ్గరికి వచ్చిన యాప్ వాళ్లు 'మాకు ఇన్ని లక్షల మంది చందాదారులున్నారు' అని అంకె చూపిస్తే ఆ ఒక శాతం గుర్తుపెట్టుకోండి. అడగాల్సింది మొత్తం చందాదారుల సంఖ్య కాదు. గేమ్స్ విభాగాన్ని రోజుకి ఎంతమంది తెరుస్తున్నారో, వాళ్లలో వారం తర్వాత మళ్లీ వచ్చేవాళ్లెందరో అడగండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహగా తీసుకుంటున్నాను. మీ అంకెలు వచ్చాక వాటిని పెట్టి మళ్లీ వేసుకోండి.

ఒక మనిషి నెలలో 20 రోజులు ఆడి, రోజుకి మూడు యాడ్స్ చూశాడనుకోండి. మొత్తం 60. వెయ్యి యాడ్స్‌కి 60 రూపాయలు వస్తే, ఈ మనిషి వల్ల నెలకి వచ్చేది 3 రూపాయల 60 పైసలు. అందులో మీ 40 శాతం అంటే 1 రూపాయి 44 పైసలు. అంత నిబద్ధతగా ఆడేవాళ్లు పది వేల మంది దొరికారనే అనుకుందాం, అది చిన్న విషయం కాదు. అప్పుడు కూడా మీకొచ్చేది నెలకి 14,400 రూపాయలు. మల్టీప్లేయర్ సర్వర్ బిల్లు, ఆఫీసు అద్దె కట్టాక ముగ్గురికీ ఏం మిగులుతుంది?

అదే లెక్క వాళ్ల వైపు నుంచి చూడండి. నెల చందా 99 రూపాయలు అనుకుందాం. 18 శాతం జీఎస్టీ పోతే సుమారు 84. ప్లే స్టోర్ ద్వారా కట్టిన చందా అయితే 15 శాతం కమిషన్ పోయి సుమారు 71 మిగులుతుంది. ఈ 71ని పైన చెప్పిన 3.60తో భాగిస్తే దాదాపు 20 వస్తుంది. మీ ఆట ఆడే ప్రతి ఇరవై మందిలో, ఆపేద్దామనుకున్న ఒక్కడు ఇంకో నెల ఆగితే చాలు, ఆ ఇరవై మంది నెలంతా చూసిన యాడ్స్ విలువ యాప్ వాళ్లకి వచ్చేసినట్టే. తిరగేసి చూస్తే ఇంకా ముఖ్యమైన సంగతి ఉంది. యాడ్స్ పోరు పడలేక ఇరవైలో ఒక్కడు చందా మానేస్తే, నెలంతా చూపించిన యాడ్స్ డబ్బు గాలికి పోతుంది. ఆటకి నాలుగు యాడ్స్ అడుగుతున్న వాళ్ల బిజినెస్ మేనేజర్ ఈ భాగహారం చేసినట్టు లేదు. మీరు చేసి చూపించండి. మర్యాదగానే, ఒక కాగితం మీద.

కాబట్టి మీ ఆట వాళ్లకి ఇచ్చే అసలు విలువ చందా నిలబడటంలో ఉంది. వాళ్లు మీకు ఇస్తామంటున్న వాటా మాత్రం యాడ్స్‌లో ఉంది. పెద్ద ముక్క వాళ్ల దగ్గర ఉంచుకుని చిన్న ముక్కలో 40 శాతం ఇస్తున్నారు. మీరు అడగాల్సింది మూడు కలిపి: నెలకి ఇంత అని మినిమమ్ గ్యారంటీ, జనం ఆడిన నిమిషాలని బట్టి కొంత, ఆపైన యాడ్ వాటా. శాతం కొంచెం తగ్గినా ఫర్వాలేదు, గ్యారంటీ వదలకండి.

యాడ్ వాటా గురించి ఇంకో సంగతి. బయటివాళ్లకి ఇది కనబడదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీ ఆట సొంతంగా ప్లే స్టోర్‌లో ఉంటే, గూగుల్ వాళ్ల యాడ్ సేవ యాడ్‌మాబ్ పెట్టినా, మీడియేషన్ ద్వారా, అంటే చాలా యాడ్ కంపెనీలని ఒకచోట కలిపి, పది నెట్‌వర్కులు పెట్టినా, లెక్కలు మీ డాష్‌బోర్డులోనే కనిపిస్తాయి. ఓటీటీ యాప్ లోపల ఆట అంటే సాధారణంగా హెచ్‌టీఎంఎల్5 రూపంలో, అంటే వెబ్ పేజీలా, వాళ్ల యాప్ లోపలి బ్రౌజర్ కిటికీలో (వెబ్‌వ్యూ) నడుస్తుంది. యాడ్స్ తెచ్చి చూపించే సాఫ్ట్‌వేర్ (ఎస్‌డీకే) వాళ్లది. యాడ్ సర్వర్ వాళ్లది. యాడ్ పిలవమని మీ ఆట ఒక సంకేతం పంపుతుంది, అంతే. ఏ యాడ్ వచ్చింది, దానికి ఎంత వచ్చింది అన్నది వాళ్లు నెలాఖరున పంపే ఎక్సెల్ షీటులో ఉన్నదే మీకు దిక్కు.

ఆ షీటులో మీ అంకె రెండు దారుల్లో తగ్గుతుంది. మోసం చేయాలని ఎవరూ అనుకోకపోయినా తగ్గుతుంది. మొదటిది హౌస్ యాడ్స్. కొత్త సినిమా స్ట్రీమింగ్‌కి వచ్చిన వారం మీ ఆటలో కనిపించేదంతా ఆ సినిమా ట్రైలరే. అది వాళ్ల సొంత ప్రచారం, దానికి ఎవరూ డబ్బు కట్టరు, కాబట్టి మీ వాటా సున్నా. ఆ వారమే మీ ఆటకి జనం ఎక్కువ వస్తారు. రెండోది బండిల్ డీల్స్. జగదాంబ సెంటర్లోని ఏ పెద్ద బట్టల షోరూమో, ఇంటర్ కాలేజీ గొలుసో దసరా ముందు వాళ్ల దగ్గర సినిమాల మధ్య వచ్చే యాడ్స్ కొంటుంది. బేరం తెగడానికి సేల్స్ అబ్బాయి 'సార్, గేముల్లో ఐదు లక్షల ఇంప్రెషన్లు ఉచితంగా కలుపుతాం' అంటాడు (ఒకసారి యాడ్ కనిపిస్తే ఒక ఇంప్రెషన్). డబ్బంతా వీడియో ఖాతాలో పడుతుంది. గేమ్ ఖాతాలో విలువ సున్నా అని రాస్తారు. మీ ఆటలో ఐదు లక్షల సార్లు యాడ్ వచ్చింది, మీకు పైసా రాలేదు.

దీనికి మందు ఒకటే. ఎలాంటి యాడ్ వచ్చినా, సొంత ప్రచారమైనా, ఉచితంగా కలిపినదైనా, వెయ్యి ఇంప్రెషన్లకి కనీస విలువ ఇంత అని ఒప్పందంలో రాయించుకోండి. మీ ఆటలో ప్రతి యాడ్ చోటుకీ విడిగా యాడ్ యూనిట్ ఐడీ, అంటే ఆ చోటుకి సొంత గుర్తింపు సంఖ్య, పెట్టమనండి. ఆ ఐడీల రిపోర్టు వరకు చూసే అనుమతి మీ ఈమెయిల్‌కి ఇమ్మనండి. అడిగితే ఇస్తారు. అడగకపోతే ఎవరికీ గుర్తురాదు.

ఇక నాలుగు యాడ్స్ సంగతి. మీ ఆట అష్టాచెమ్మా కాబట్టి ఇక్కడ జనరల్ సలహా పనికిరాదు. ఇది వంతులవారీ ఆట. నలుగురు ఆడుతుంటే ఒకరికి మధ్యలో ఫుల్ స్క్రీన్ యాడ్ వస్తే మిగతా ముగ్గురూ గవ్వలు ఎప్పుడు పడతాయా అని చూస్తూ కూర్చోవాలి. వాళ్లలో ఒకరు ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఆ ఆట అక్కడితో సరి. ఆట మధ్యలో ఇలాంటి ఫుల్ స్క్రీన్ యాడ్ (ఇంటర్‌స్టీషియల్) ఒక్కటి కూడా వద్దు. ఈ విషయంలో గూగుల్ నియమం కూడా మీకు అండగా ఉంది. 2022 సెప్టెంబర్ చివరి నుంచి, మనిషి ఇంకేదో చేస్తుండగా అనుకోకుండా మీద పడే ఫుల్ స్క్రీన్ యాడ్స్‌ని ప్లే స్టోర్ ఒప్పుకోవడం లేదు. 15 సెకన్ల తర్వాత కూడా మూయడానికి వీల్లేనివి కూడా కుదరవు. బహుమతి కోసం మనిషి తనంతట తాను నొక్కి చూసే రివార్డెడ్ వీడియోలకి ఈ నిబంధన వర్తించదు.

రివార్డెడ్ వీడియోయే మీకు సరైనది. కానీ బహుమతిగా ఏమిస్తున్నారో జాగ్రత్తగా ఆలోచించండి. యాడ్ చూస్తే ఇంకోసారి గవ్వలు వేయొచ్చు అని పెట్టాలనిపిస్తుంది, డబ్బు కూడా బాగానే వస్తుంది. పెట్టకండి. ఈ ఆటలో ఇంకో పందెం అష్ట పడితేనో, చెమ్మ పడితేనో, ఎదుటివాడి కాయని చంపితేనో వస్తుంది. అది సంపాదించుకోవాల్సినది. యాడ్ చూసినవాడికి దాన్ని ఇస్తే, చూడనివాడు ఓడిపోయింది ఆటలో కాదు. అమ్మమ్మతో ఆడుతున్న మనవడు యాడ్ నొక్కి ఆమె కాయని చంపితే, ఆమె ఇంకోసారి ఆడదు. ఎదురుగా మనిషి ఉన్నంతసేపు యాడ్‌కీ గెలుపుకీ ఏ సంబంధమూ ఉండకూడదు. ఈ ఒక్క మాట మీద మీరు గట్టిగా నిలబడాలని నా కోరిక. కంప్యూటర్‌తో ఆడేటప్పుడు వెనక్కి ఒక ఎత్తు తీసుకోవడం, రోజూ ఇచ్చే పజిల్ మళ్లీ ఆడటం, గవ్వల రంగు, ఏటికొప్పాక లక్కబొమ్మల్లాంటి కాయలు, పీటకి కొత్త ముగ్గు, ఇలాంటివి ఇవ్వండి. అవి చాలు.

ఆట మొత్తం అయ్యాక, ఫలితం చూపించి, 'మళ్లీ ఆడదాం' నొక్కే ముందు ఒక ఇంటర్‌స్టీషియల్ పెట్టుకోవచ్చు. అదీ ప్రతి ఆటకీ వద్దు. కొత్తగా వచ్చినవాళ్లకి మొదటి కొన్ని రోజులు అసలు చూపించకండి. బ్యానర్లు పూర్తిగా వదిలేయండి. వాటిలో వచ్చేది చిల్లర, పీట కింద పట్టీ పెడితే కాయ కదపబోయిన వేలు యాడ్ మీద పడుతుంది. అలా పొరపాటున పడే క్లిక్కుల వల్ల యాడ్ ఖాతాకే ముప్పు.

యాడ్స్ లేని ప్లాన్‌కి డబ్బు కట్టినవాళ్ల మాటేమిటి? ఇది తప్పక అడగండి. ప్రైమ్ వీడియో మన దేశంలో 2025 జూన్ 17 నుంచి యాడ్స్ మొదలుపెట్టింది. వద్దనుకునేవాళ్లు అదనంగా కట్టాలంది, అప్పటి ధర నెలకి 129 లేదా ఏడాదికి 699 రూపాయలు. అలా కట్టిన మనిషికి సినిమాలో యాడ్ లేకుండా, పక్క ట్యాబులోని ఆటలో యాడ్ వస్తే ఎంత మండుతుందో ఆలోచించండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తిట్టేది ఆ మనిషే, స్టోర్‌లో ఒక స్టార్ ఇచ్చేదీ ఆ మనిషే. యాడ్స్ లేని చందా ఆటల్లోకి కూడా రావాలి. వాళ్లకి రివార్డు బటన్ నొక్కగానే యాడ్ లేకుండానే బహుమతి ఇవ్వాలి. అప్పుడు వాళ్ల వల్ల మీకు యాడ్ వాటా రాదు. పైన నిమిషాల లెక్కన డబ్బు అడగమన్నది ఇందుకే. అందరికన్నా ఎక్కువ కట్టే చందాదారులు మీ ఆట ఆడితే మీకు సున్నా రావడం న్యాయం కాదు కదా.

పిల్లల విషయంలో నాకు భయం ఎక్కువ. ఓటీటీ లాగిన్ ఇంటికి ఒకటే ఉంటుంది. నాన్న ఖాతా, అమ్మ ఫోను, ఆడేది ఆరో క్లాసు పిల్ల. 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. పిల్లలని వెంబడించి గమనించడాన్నీ, వాళ్లని గురిపెట్టి యాడ్స్ వేయడాన్నీ నిషేధిస్తుంది. కిడ్స్ ప్రొఫైల్ నుంచి ఆట తెరిస్తే ఆ సంగతి మీ ఆటకి ఒక ఫ్లాగ్‌గా, అంటే ఆడేది పిల్లలని చెప్పే గుర్తుగా, అందాలి. ఫ్లాగ్ ఉంటే యాడ్ రిక్వెస్టే వెళ్లకూడదు. వెళ్లాక ఫిల్టర్ చేస్తామంటే ఒప్పుకోకండి, ఎందుకంటే రిక్వెస్టుతో పాటే ఫోన్ ఐడీ కూడా బయటికి పోతుంది.

యాడ్ వర్గాల్లో ఏవి రాకూడదో ఒప్పందానికి జాబితా జత చేయండి. డబ్బు పందెం ఆటలు మొదట. మన రాష్ట్రం 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం అలాంటి ఆటలకి ప్రకటనలు వేసినా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. చందా రుసుము తీసుకుని ఆడించే మామూలు ఆటలకి అదే చట్టం చోటిచ్చింది కాబట్టి మీ అష్టాచెమ్మాకి దానితో ఇబ్బంది లేదు. అయితే రేపు వాళ్లు 'నాణేలు కొని పందెం కాయండి, గెలిస్తే డబ్బు' అని ఒక మోడ్ అడగవచ్చు. దానికి చెయ్యి కలపకండి. ఉచిత పోటీలో బహుమతి అన్నా సరే, లాయర్‌కి చూపించకుండా ముందుకెళ్లకండి.

జాబితాలో రెండోది లోన్ యాప్‌లు. కొన్ని గంటల్లో డబ్బిచ్చి, కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు చేసి పరువు తీసే యాప్‌ల వల్ల మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లు ఏడ్చాయో మీకూ తెలుసు. యాడ్ నెట్‌వర్కులో ఆ వర్గం వెయ్యి యాడ్స్‌కి మిగతావాటికన్నా ఎక్కువ ఇస్తుంది, అందుకే ఎవరూ తమంతట తాము ఆపరు. మీ ఆటలో ఆపించండి. ఆదాయం కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

టెక్నికల్‌గా ఒకే ఒక్క పరీక్ష చెబుతాను. ఫోన్ తీసుకుని అరకు రైలు ఎక్కండి. ఆ దారిలో సొరంగం వెనక సొరంగం, సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. యాడ్ ముందే లోడ్ అయి ఉంటేనే రివార్డు బటన్ కనిపించాలి. నొక్కాక చక్రం తిరుగుతూ ఉండిపోతే ఇంకెప్పుడూ నొక్కరు. యాడ్ చివరిదాకా చూశాక సిగ్నల్ పోయి సర్వర్ నుంచి జవాబు రాకపోతే బహుమతి ఇచ్చేయండి, లెక్క తర్వాత చూసుకోవచ్చు. పక్క ఆటగాడి సిగ్నల్ పోతే వంతు ఎంతసేపు ఆగాలో కూడా అక్కడే తేలుతుంది. రిషికొండ ఆఫీసు వైఫైలో ఇవేవీ బయటపడవు.

డబ్బు చేతికొచ్చే గడువు గురించి. 'యాడ్ సొమ్ము మాకే ఆలస్యంగా వస్తుంది, 90 రోజులకి ఇస్తాం' అంటారు యాప్ వాళ్లు. మీరు చిన్న సంస్థగా ప్రభుత్వ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ఆన్‌లైన్‌లో ఉచితం. సూక్ష్మ, చిన్న సంస్థలకి కట్టాల్సిన సొమ్ముకి 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా 45 రోజులే గడువు. అది దాటితే వడ్డీ కట్టాలి. ఈ మాట మొదటి మీటింగులోనే చెప్పేయండి.

చివరగా రెండేళ్ల ఎక్స్‌క్లూజివ్. అష్టాచెమ్మా ఎవరి సొత్తూ కాదు, తరతరాలుగా అరుగుల మీద సుద్దముక్కతో గీసి ఆడుతున్నది. మీ సొత్తు మీ బొమ్మలు, మీ కోడ్, మీరు సంపాదించుకునే ఆటగాళ్లు. ప్లే స్టోర్‌లో మీ సొంత వెర్షన్ ఉంచుకునే హక్కు వదులుకోకండి. మరీ పట్టుబడితే ఆరు నెలలు, అదీ ఓటీటీ యాప్‌ల వరకే, అదీ గ్యారంటీ డబ్బు ఇస్తేనే. పెద్ద కంపెనీలు మనసు మార్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టదు. మాన్యుమెంట్ వ్యాలీ 3 అనే ఆట 2024 డిసెంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. 2025 జులైలో అక్కడి నుంచి వెళ్లిపోయింది. తయారుచేసినవాళ్లకి హక్కులు ఉన్నాయి కాబట్టి అదే నెలలో కన్సోళ్ల మీదికి తెచ్చుకోగలిగారు. మీ ఒప్పందంలో కూడా ఆ వాక్యం ఉండాలి: ఆటని విభాగం నుంచి తీసేసినా, వరుసగా రెండు నెలలు గ్యారంటీ డబ్బు కట్టకపోయినా, అన్ని హక్కులూ ఆ రోజే మీకు తిరిగి వస్తాయి, ఆటగాళ్లు కోరితే వాళ్ల ఖాతా, గెలుపోటములు, సంపాదించుకున్న గవ్వలు మీ సొంత యాప్‌లోకి మార్చుకునేందుకు యాప్ వాళ్లు 60 రోజులు వీలు కల్పిస్తారు.